ఇద్దరే మనుషులు, మూడు వారాల సముద్రం: రోజు ఎలా గడుస్తుంది?

నత్తనడక_38
తుఫాను గురించి అడిగితే వంద మంది చెప్తారు, మామూలు రోజు గురించి అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. 38 అడుగుల పడవ. మేం ఆలుమగలం ఇద్దరమే. కానరీ దీవుల నుంచి కరీబియన్‌కి, సుమారు 2,700 నాటికల్ మైళ్ళు. సగటు వేగం ఐదున్నర నాట్స్ (గంటకి అన్ని నాటికల్ మైళ్ళు) అనుకుంటే 20, 21 రోజులు. రాత్రి కాపలా ఇద్దరి మధ్య ఎలా పంచుకోవాలి? 300 లీటర్ల నీళ్ళు చాలా? ఆటోపైలట్ రాత్రింబగళ్ళు తిరిగితే బ్యాటరీలు ఆగుతాయా? "ఆటోపైలట్ ఉంది కదా, ఇద్దరూ హాయిగా పడుకోండి" అని రేవులో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. అదే నిజమైతే నాకీ ప్రశ్నలే అక్కర్లేదు.

ఉప్పుగాలి
ఆ పెద్దమనిషి దగ్గర ఇంకే సలహా తీసుకోకండి. ఆటోపైలట్‌కి కళ్ళు లేవు.

లెక్కలమాష్టారు
లెక్క చూడండి. ఎదురొచ్చే ఓడ 20 నాట్స్, మీరు ఐదున్నర. ఇద్దరూ ఎదురెదురైతే గంటకి 25 మైళ్ళ పైచిలుకు దూరం తరుగుతుంది. దాని లైట్లు 8 మైళ్ళ దూరాన కనబడ్డాయనుకుందాం, మీ మీదికి రావడానికి 19 నిమిషాలు. ఒంటరిగా ప్రయాణించేవాళ్ళు 20 నిమిషాలకో అలారం పెట్టుకునేది ఇందుకే. అది కూడా నిబంధన ప్రకారం తప్పే. సముద్రంలో ఢీకొనకుండా ఉండే అంతర్జాతీయ నిబంధనల్లో 5వది, ఎప్పుడూ కంటితో, చెవితో కాపలా ఉండాలంటుంది. ఇద్దరున్నప్పుడు సాకు లేదు.

ఉప్పుగాలి
ఇక కాపలా. చీకటి పడ్డాక మూడేసి గంటలు. రాత్రి 8 నుంచి 11, 11 నుంచి 2, 2 నుంచి 5, 5 నుంచి 8. ఎవరి వంతులు వాళ్ళవే, రోజూ అవే. మార్చకండి. మూడో రోజుకి ఒళ్ళు అలవాటు పడుతుంది, గడియారం చూడకుండానే మెలకువ వస్తుంది. రోజూ మార్చుకుంటే "ఇద్దరికీ న్యాయం" అనిపిస్తుంది కానీ ఇద్దరి నిద్రా చెడుతుంది.

మధ్యాహ్నం ఒక్కొక్కరికి రెండు గంటల కునుకు పక్కా. అది సరదా కాదు, లెక్కలో భాగం. రాత్రి మూడు గంటల విరామంలో జాకెట్టు, హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు) విప్పి ఒరగడానికి పది నిమిషాలు, మళ్ళీ తొడుక్కోవడానికి పదిహేను. నికరంగా పట్టేది రెండుంపావు గంటల నిద్ర, మహా అయితే రెండున్నర.

రెండోరీఫ్
మూడు గంటలు ఇద్దరికి సరిపోదు. నాలుగేసి పెట్టుకోండి. మూడుకి ఒకసారి లేపితే గాఢ నిద్రలోంచి లాగినట్టుంటుంది.

ఉప్పుగాలి
@రెండోరీఫ్ వెచ్చటి వెనకగాలిలో నాలుగు బాగానే ఉంటుంది. చలిలో, ఎదురుగాలిలో నాలుగో గంట మనిషి కళ్ళు తెరిచే ఉంటాడు, చూపు ఉండదు. ఆ గంటలోనే ఓడ లైటుని నక్షత్రం అనుకునేది.

రెండోరీఫ్
సరే, వెనకగాలికి నాలుగు, మిగతాదానికి మూడు. రాజీ.

బిల్జ్‌పంపు
మూడో మనిషి దొరికితే ఈ గొడవే లేదు. మూడు గంటలు కాపలా, ఆరు గంటలు సెలవు. మనిషి మారిపోతాడు. కాకపోతే మూడో నోటికి కూడా నీళ్ళు, తిండి పెట్టాలి, వాళ్ళ కబుర్లు వినాలి.

లెక్కలమాష్టారు
ఏఐఎస్ (ఓడలు తమ పేరు, చోటు, వేగం రేడియోలో చాటే పరికరం) అలారం సంగతి ఎవరూ ఎత్తలేదు. దగ్గరయ్యే దూరం 2 మైళ్ళు, సమయం 30 నిమిషాలు అని పెట్టండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 టన్నుల పైబడ్డ ఓడలకి ఏఐఎస్ తప్పనిసరి, ఆంటెన్నా తెరచాప కొయ్య కొసన ఉంటే పదిహేను, ఇరవై మైళ్ళ అవతలే కనిపిస్తాయి. కానీ చేపల పడవలు, మీలాంటి చిన్న పడవలు దాన్ని పెట్టుకోవాలని లేదు, పెట్టుకున్నా వేయాలని లేదు. మీ చిన్న పెట్టె 2 వాట్లతో చెప్పేది పెద్ద ఓడ తెర మీద కనిపిస్తుంది, నిజమే, కాకపోతే ఆ తెర వైపు చూస్తున్నవాడు ఉండాలి కదా.

ముడిమీదముడి
నిద్ర అంటే వంతులొక్కటే కాదు, ఎక్కడ పడుకుంటారన్నది కూడా. ముందు గదిలోని పెద్ద మంచం రేవులో బాగుంటుంది. సముద్రంలో అది ట్రాంపొలిన్. పడవ నడుమ, కింద, కొయ్యకి దగ్గరగా ఉన్న బల్లే మంచం. దొర్లి పడకుండా దానికి పక్కగుడ్డ కట్టాలి. బలమైన కాన్వాసు, అర మీటరు ఎత్తు, పొడవు భుజం నుంచి మోకాలి దాకా చాలు. కింది అంచు పరుపు కింద చెక్కకి బద్దీ వేసి స్క్రూలు, పై అంచుకి రెండు తాళ్ళు, పైన పట్టుకొమ్మకి. తలవైపు ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది, మాట వినబడుతుంది. ఒంటిచేత్తో, పడుకునే విప్పగలిగే ముడి వేయండి. ఇది మరిచిపోతే పిలుపు విన్నాక బయటికి రావడానికి మనిషి సంచీలో పిల్లిలా గింజుకుంటాడు.

వెనకగాలిలో పడవ రెండు పక్కలకీ దొర్లుతుంది. పక్కగుడ్డ ఒకవైపే ఆపుతుంది, రెండోవైపు గోడకీ ఒంటికీ మధ్య దిండ్లు కుక్కండి. ఒళ్ళు బిగదీసుకుని పడుకుంటే ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరదు.

వాట్‌అవర్
కరెంటు. 12 వోల్టుల లెక్కలో రోజుకి: ఆటోపైలట్ 60 నుంచి 100 ఆంప్-అవర్లు (అల ఎంత మోటుగా ఉంటే అంత), ఫ్రిజ్ 50, పరికరాలు, ఏఐఎస్, రేడియో కలిపి 35, 40, కొయ్య కొస ఎల్‌ఈడీ లైటు 4, ఫోన్లు, పంపులు, లోపలి దీపాలు 15. మొత్తం 165 నుంచి 210. ఉపగ్రహ ఇంటర్నెట్ పళ్ళెం దీంట్లో లేదు. అది 50 నుంచి 75 వాట్లు లాగుతుంది. రోజంతా వేసి వదిలేస్తే అదొక్కటే ఇంకో 100 ఆంప్-అవర్ల పైన తింటుంది. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట, వాతావరణం దింపుకుని ఆపేయండి.

ఇక రాబడి. 400 వాట్ల సోలార్ పలకలు అమరం మీద ఉన్నాయనుకుందాం. రేవులో 130 ఇచ్చేవి సముద్రంలో 90, 100 ఇస్తాయి. మీరు పడమరకి పోతున్నారు. మధ్యాహ్నం దాటాక సూర్యుడు మీ ముందుంటాడు, తెరచాపల నీడ తిన్నగా పలకల మీదే పడుతుంది. ఈ సంగతి పలకలు అమ్మేవాడు చెప్పడు.

ఉప్పుగాలి
నీళ్ళలో లాగే జనరేటర్ పెడితే?

వాట్‌అవర్
@ఉప్పుగాలి పెడితే రాత్రి కూడా పనిచేస్తుంది, అదే దాని గొప్ప. ఐదు, ఐదున్నర నాట్స్ మీద 8 నుంచి 10 ఆంపియర్లు, అంటే 24 గంటలకి 190 నుంచి 240. ఫ్రిజ్, ఆటోపైలట్ రెండూ దాని మీదే బతుకుతాయి. వేగంలో పోయేది నాట్‌లో చిన్న భాగం. శత్రువు ఒక్కటే, సర్గాసం నాచు. పసుపు గడ్డిలా తేలే ఆ నాచు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. రాబడి సగానికి పడిపోతే మీటరు చూసి మీటరు చెడిందనుకోవద్దు, ఎత్తి నాచు తీయండి. నాచు మడులున్న చోట గంటకోసారి ఇదే పని.

చుక్కానిపట్టు
ఇన్ని లెక్కలు ఎందుకయ్యా? విండ్‌వేన్ పెట్టుకోండి. గాలికి ఊగే రేకుతో చుక్కానిని తిప్పే సాధనం అది. సున్నా ఆంపియర్లు. గాలే దాన్ని నడుపుతుంది, గాలి పెరిగేకొద్దీ దాని బలం పెరుగుతుంది, ఆటోపైలట్ సరిగ్గా అప్పుడే చేతులెత్తేస్తుంది.

వాట్‌అవర్
మరి వెనక నుంచి 8 నాట్స్ గాలి ఉన్నప్పుడో? పడవ వేగం పోతే దానికి అందే గాలి 4 నాట్స్. రేకు ఊగుతూ కూర్చుంటుంది, పడవ పాములా మెలికలు తిరుగుతుంది.

చుక్కానిపట్టు
నిజమే, పలచటి వెనకగాలి దానికి పడదు. అప్పుడు చుక్కాని కర్రని తోసే చిన్న ఆటోపైలట్, అదే టిల్లర్ పైలట్‌ని విండ్‌వేన్‌కే తగిలించండి. రేకు బదులు అది తోస్తుంది, అసలు బరువు నీళ్ళలో ఉన్న తెడ్డు మోస్తుంది. అర ఆంపియరు ఖర్చు. ఇద్దరు మనుషుల పడవలో నడిపే ఏర్పాట్లు రెండుండాలి అన్నదే నా మాట. రెండూ పోతే మూడు వారాలు వంతులవారీగా చక్రం తిప్పాలి. అప్పుడు ఉప్పుగాలి వేసిన కాపలా పట్టికకి దండం పెట్టడమే.

ఇంకోటి, బయల్దేరే ముందు, చక్రం పాడైతే చుక్కానికి తగిలించే కర్ర, అంటే అత్యవసర టిల్లర్‌ని ఒకసారి నిజంగా తగిలించి చూడండి. చాలా పడవల్లో అది వెనక మంచం మీదికి వస్తుంది, లేదా చక్రానికి తగిలి సగమే తిరుగుతుంది. రేవులో తెలిస్తే రంపం ఉంది.

నత్తనడక_38
విండ్‌వేన్ లేదు, సోలార్ 300 వాట్లు. అంటే నేను లోటు బడ్జెట్‌లో ఉన్నాను. నీళ్ళ సంగతి?

బిల్జ్‌పంపు
ఇద్దరు, తాగడానికి, వంటకి తలా 4 లీటర్లు, 21 రోజులు: 168. దాని మీద సగం అదనం వేస్తే 250. 300 ఉన్నాయి కాబట్టి మంచినీళ్ళ స్నానం లేకుండా సరిపోతాయి. కానీ అసలు ప్రశ్న ఎన్ని లీటర్లు అని కాదు, ఎన్ని ట్యాంకులు అని. ఒకే ట్యాంకు అయితే ఒక పగులు, ఒక వదులు గొట్టం, మొత్తం పోయినట్టే. రెండుంటే మధ్య వాల్వు మూసి ఒక్కోదాన్నే వాడండి. వాటితోపాటు 10 లీటర్ల డబ్బాలు నాలుగు, పూర్తిగా నింపకుండా. కాస్త ఖాళీ ఉంటే నీళ్ళలో తేలతాయి, పడవ వదిలి తెప్ప ఎక్కాల్సి వస్తే వెంట తోసుకోవచ్చు.

ట్యాంకు గాలి గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో వెతకండి. కొన్ని పడవల్లో అది పడవ పక్కన బయటికి, లేదా లంగరు పెట్టెలోకి ఉంటుంది. పడవ ఒకవైపే రోజుల తరబడి వాలి నడిస్తే ఉప్పునీళ్ళు దాంట్లోంచి మెల్లగా దిగుతాయి. రెండో వారంలో టీ ఉప్పగా ఉంటే కారణం అది.

లెక్కలమాష్టారు
1968-69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 32 అడుగుల సుహైలీ అనే పడవలో ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో భూమి చుట్టి వచ్చినప్పుడు ట్యాంకుల్లో నీళ్ళు పాడైపోయాయి. వాన నీళ్ళు పట్టుకుని బతికాడు. ఆయన దారిలో వాన ఉంది. మీ దారిలో, వ్యాపార పవనాల్లో, జడి వానలు వస్తాయి కానీ అడిగినప్పుడు రావు.

రెండోరీఫ్
వాన పట్టాలంటే పెద్ద తెరచాపని దాని అడుగు అంచు పట్టే అడ్డకొయ్య (బూమ్) దగ్గర కాస్త పైకి లాగి ముడత చేస్తే నీళ్ళు కొయ్య వైపు జారతాయి. కింద బకెట్టు. మొదటి ఐదు నిమిషాల నీళ్ళు ఉప్పు, వాటిని పారబోయండి.

నీటిచుక్క
ఈ రోజుల్లో ఎవరైనా బకెట్టు పెడతారా? నీళ్ళు చేసే యంత్రం కొనండి.

బిల్జ్‌పంపు
@నీటిచుక్క కొనండి, కానీ ట్యాంకులు నింపుకునే బయల్దేరండి. ఉప్పునీళ్ళని 55 బార్ల ఒత్తిడితో పొర గుండా తోసే యంత్రం అది. పంపు సీలు కారినా, ముందు ఫిల్టరు మూసుకుపోయినా ఆగిపోతుంది. కొన్ని నియమాలు. తయారైన నీళ్ళని తిన్నగా ట్యాంకులోకి వదలకండి, ముందు ఒక సీసాలోకి. మొదటి నిమిషాలు ఉప్పగా వస్తాయి. కరిగిన లవణాల మీటరు 500 లోపు చూపిస్తే అప్పుడు ట్యాంకులోకి. రెండు ట్యాంకులూ దాంతో నింపకండి. రేవు నీళ్ళలో నూనె తేలుతుంటుంది, అక్కడ నడిపితే పొర పాడు. క్లోరిన్ కూడా పొరకి విషమే, కాబట్టి కడగడానికి కుళాయి నీళ్ళు వాడితే కార్బన్ ఫిల్టరు గుండా వాడాలి. వారం పైన వాడకపోతే మంచినీళ్ళతో కడగడం, ఇంకా ఎక్కువైతే మందు పట్టించి ఉంచడం. మీ 300 వాట్ల సోలార్‌తో రోజూ గంట నడుపుతారా అన్నది వాట్‌అవర్ చెప్పాలి.

వాట్‌అవర్
నడపలేరు. ఇంజిన్ వేసి నడపాలి. అప్పుడు ఆల్టర్నేటర్ బ్యాటరీలు కూడా నింపుతుంది, కాబట్టి రెండు పనులూ ఒకే గంటలో పెట్టుకోండి.

నీటిచుక్క
ఒప్పుకుంటున్నా. బకెట్టు కూడా కొంటా.

ముడిమీదముడి
మీరంతా కరెంటూ నీళ్ళూ అంటున్నారు. వెనకగాలి ప్రయాణంలో పడవని తినేది రాపిడి. తుఫాను ఒక రోజు వస్తుంది, రాపిడి మూడు వారాలు సెలవు తీసుకోదు. తాడు ఒకే చోట, ఒకే మలుపు మీద, నిమిషానికి ఇరవైసార్లు అర సెంటీమీటరు అటూ ఇటూ జరుగుతుంది. మొదటి రోజు తొడుగు మీద మెరుపు పోతుంది. రెండో రోజు నూగు లేస్తుంది, వేలితో రాస్తే బొంతపురుగులా తగులుతుంది. మూడో రోజు తొడుగు చిట్లి లోపలి తెల్ల పేట కనిపిస్తుంది. నాలుగో రోజు రాత్రి, తప్పకుండా రాత్రే, తెగుతుంది.

తెరచాపని పైకెత్తే తాడు, హాల్యార్డ్, కొయ్య కొస కప్పీ మీద వంగే చోటు ముఖ్యం. రోజుకోసారి ఐదు, పది సెంటీమీటర్లు వదలండి లేదా లాగండి. వంగే చోటు మారితే చాలు. హాల్యార్డ్‌ని కాస్త పొడుగ్గా కొనుక్కుంటే కొస కోసేసి మళ్ళీ ముడి వేసుకోవచ్చు.

ముందు తెరచాప జిబ్‌ని బయటికి తోసిపెట్టే కర్ర కొస ఇంకో చోటు. తెరచాపని లాగి పట్టే తాడు, షీటు. దాన్ని ఆ లోహపు దవడలోంచి తిన్నగా పోనిస్తే వారమే ఆగుతుంది. దవడకి మెత్తటి డైనీమా తాడుతో ఉచ్చు కట్టి, ఉచ్చులో రింగు, రింగులోంచి షీటు. లేదా షీటుకి 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం నిలువుగా చీల్చి తొడిగి కుట్టేయండి. కుట్టకుండా టేపు చుడితే గొట్టం జారి పక్కకి పోయి కూర్చుంటుంది.

పెద్ద తెరచాప వెనకగాలిలో పక్క తీగలకి ఆనుతుంది. ఎక్కడెక్కడ ఆనుతుందో రేవులోనే బూమ్ బయటికి వదిలి పెన్సిలుతో గీసుకుని, అక్కడ అంటుగుడ్డ అతికించండి. కుట్టు దారం ముందు పోతుంది, గుడ్డ తర్వాత.

రెండోరీఫ్
దీనికి తోడు పొద్దున్నే డెక్కంతా ఒక చుట్టు. ఎగిరే చేపలు ఏరడానికి కాదు, పిన్నులు ఏరడానికి. డెక్ మీద నట్టు, చీలపిన్ను, రింగు దొరికితే అది ఆకాశంలోంచి ఊడిపడలేదు, మీ పడవలోంచే ఊడింది. ఎక్కడిదో దొరికే దాకా వేరే పని పెట్టుకోకండి. సూర్యుడు వెనక ఉన్నప్పుడు దుర్భిణీతో కొయ్యని కింద నుంచి పైదాకా చూడండి.

బిల్జ్‌పంపు
నా వంతు: బిల్జ్ అంటే పడవ అడుగున నీళ్ళు చేరే గుంట. బిల్జ్‌లో నీళ్ళు కనబడితే వేలు ముంచి నాలుక మీద పెట్టండి. ఉప్పగా ఉంటే సముద్రం, చప్పగా ఉంటే ట్యాంకు, డీజిల్ రుచి ఉంటే ఉమ్మేసి ఇంజిన్ దగ్గరికి పోండి.

చుక్కానిపట్టు
ప్రివెంటర్ గురించి ఎవరూ చెప్పలేదేం? వెనకగాలిలో చుక్కాని పది డిగ్రీలు తప్పితే గాలి తెరచాప వెనక్కి దూరి బూమ్ ఈ పక్క నుంచి ఆ పక్కకి విసురుగా వస్తుంది. దారిలో తల ఉంటే అంతే. బూమ్ కొస నుంచి తాడు, పక్క తీగలకి బయటగా, అణియం దాకా, అక్కడ కప్పీ చుట్టి వెనక్కి, మనం కూర్చుని నడిపే చోటైన కాక్‌పిట్ దాకా. 10 లేదా 12 మిల్లీమీటర్ల పాలిస్టర్. విప్పాల్సి వస్తే కూర్చున్న చోటి నుంచే విప్పాలి.

బూమ్ నడుమ నుంచి పక్కన డెక్కుకి కట్టేవాళ్ళున్నారు. పడవ దొర్లి బూమ్ కొస నీళ్ళలో మునిగితే, లేదా తెరచాప అటు తిరగబోతే, కట్టిన చోటే బూమ్ విరుగుతుంది. తాడు కిందికి లాగుతుంది కానీ ముందుకి లాగదు, కాబట్టి దానిమీద పడే బరువు ఎన్నో రెట్లు.

నీటిచుక్క
అణియం అంటే?

చుక్కానిపట్టు
పడవ ముక్కు. వెనక భాగం అమరం. వాట్‌అవర్ పైన వాడాడుగా. ఇంత చక్కటి తెలుగు మాటలుంటే "బో", "స్టెర్న్" అని నోరు తిప్పడం దేనికి.

నీటిచుక్క
మరి ప్రివెంటర్‌కి తెలుగేంటి మాష్టారూ?

చుక్కానిపట్టు
బుర్రకాపు.

రెండోరీఫ్
పెట్టేసుకున్నా, ఇక నుంచి బుర్రకాపే. బుర్రకాపుకి నైలాన్ వాడచ్చు కదా, కాస్త సాగి దెబ్బ మింగుతుంది?

చుక్కానిపట్టు
మరీ సాగితే బూమ్ ముందు వేగం పుంజుకుని తర్వాత ఆగుతుంది, అది ఇంకా చెడ్డ. బొత్తిగా సాగని డైనీమా అయితే బిగింపుల్ని పీకుతుంది. పాలిస్టర్ మధ్యస్థం.

రెండోరీఫ్
గాలి కొలత మోసం కూడా చెప్పాలి. వెనకగాలి 22 నాట్స్, పడవ 7 పోతుంటే మొహానికి తగిలేది 15. "ఎంత హాయిగా ఉందో" అనిపిస్తుంది. రీఫ్ ఎప్పుడు వేయాలన్నది, అంటే తెరచాపని మడిచి ఎప్పుడు తగ్గించాలన్నది, తగిలే గాలి చూసి కాదు, అసలు గాలి చూసి. చీకటి పడకముందే ఒక రీఫ్ వేసేయండి, అవసరం అనిపించకపోయినా. రాత్రి జడివాన మబ్బు వస్తే 15, 18 గాలి పది నిమిషాల్లో 30 దాటుతుంది, అరగంటలో వెళ్ళిపోతుంది. రాడార్ 12 మైళ్ళ మీద గంటకి నాలుగైదు తిప్పులు చాలు, వాన మచ్చలా కనిపిస్తుంది. ఒకటి పోయాక వెంటనే రీఫ్ విప్పకండి, దాని తమ్ముడు వెనకే వస్తుంటాడు. రాత్రి పోయే వేగం రోజుకి పది మైళ్ళు. పడుకున్న మనిషిని లేపకుండా గడిచిన రాత్రి దానికంటే విలువ.

ఉప్పుగాలి
+1. ఒక నియమం: ఒంటరిగా కాపలా ఉన్నవాళ్ళు రెండోవాళ్ళు లేవకుండా కాక్‌పిట్ దాటి ముందుకి వెళ్ళకూడదు. ఎంత చిన్న పనైనా సరే. గది మెట్టు మీద నుంచే కొక్కెం తగిలించి బయటికి రావాలి.

లెక్కలమాష్టారు
ఎందుకో లెక్కలో: 6 నాట్స్ అంటే సెకనుకి 3 మీటర్లు. కర్ర, బుర్రకాపు కట్టి ఉన్న పడవని లోపల నిద్రపోతున్న మనిషి లేచి ఒంటరిగా ఆపి తిప్పడానికి ఐదు నిమిషాలు పట్టిందనుకోండి, 900 మీటర్లు. రెండు మీటర్ల అలల్లో మనిషి తల వంద మీటర్ల అవతలే కనబడ్డం మానేస్తుంది.

ముడిమీదముడి
అందుకే కొక్కెం తగిలించుకునే డెక్ మీది బద్దీ అమరం దాకా కట్టకుండా ఒకటిన్నర, రెండు మీటర్లు ముందే ఆపాలి. హార్నెస్‌ని బద్దీకి కలిపే పట్టు తాడుకి రెండు మీటర్లది, ఒక మీటరుది రెండు కొసలుండాలి. కొయ్య దగ్గర పొట్టిది వాడండి. అంచు దాటి నీళ్ళలో ఈడ్చుకుపోయేంత పొడుగు తాడు కాపాడదు. బద్దీ ఎండకి పెళుసవుతుంది. ఏళ్ళ తరబడి డెక్ మీదే పడి ఉన్నదాన్ని నమ్మకండి.

ఏలకులడబ్బా
వంటగది తరఫున. ఇక్కడ ఎక్కువగా భయపడాల్సింది కాలిన గాయాలకే. పొయ్యి ఊగుతుంది, గిన్నె ఊగదు అని అందరూ అనుకుంటారు, కానీ పక్కకి కొట్టే అల వస్తే ఊగే పొయ్యి కూడా విసిరేస్తుంది. గిన్నెకి బిగింపులు, కెటిల్ సగమే, కప్పు సింకులో పెట్టి పోయడం, చేతిలో పట్టుకుని కాదు. ఎండగా ఉన్నా వాటర్‌ప్రూఫ్ ప్యాంటు వేసుకుని వండండి. ప్రెషర్ కుక్కర్ ఒక్కటే పాత్ర అనుకోండి. ప్రెషర్ అక్కర్లేని వంటకి కూడా మూత బిగిస్తే పల్టీ కొట్టినా ఒలకదు. గ్యాసు సగానికి తగ్గుతుంది.

నీళ్ళ పొదుపు: అన్నం, దుంపలు ఉడకడానికి మూడింట ఒక వంతు సముద్రపు నీళ్ళు, ఉప్పు విడిగా వేయకండి. గిన్నెలు సముద్రపు నీళ్ళతో తోమి, చివర్లో ఒక్క గ్లాసు మంచినీళ్ళు. మామూలు సబ్బు ఉప్పునీళ్ళలో నురగ రాదు, గిన్నెలు తోమే ద్రవం వస్తుంది. తలకీ, ఒంటికీ అదే.

క్యాబేజీని కోయకండి, పై నుంచి ఆకు ఆకు ఒలవండి, మూడు వారాలు ఆగుతుంది. ఉల్లి, బంగాళాదుంప ఒకే వలలో పెట్టకండి, ఒకదాన్నొకటి పాడు చేస్తాయి. గుడ్లు ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టనివి, కడగనివి కొనండి, రెండు రోజులకోసారి డబ్బా తలకిందులు చేయండి. అట్టపెట్టెలు పడవలోకి రానివ్వకండి, మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. టిన్నుల కాగితాలు బిల్జ్ తడికి ఊడిపోతాయి, మూత మీద మార్కర్‌తో రాయండి.

నీటిచుక్క
రాయకపోతే రోజూ లాటరీ. బఠాణీ అనుకుని తెరిస్తే అనాస ముక్కలు.

రెండోరీఫ్
వంట చేసేవాళ్ళు నడుముకి బెల్టు కట్టుకోవాలి అని రాయలేదేం?

ఏలకులడబ్బా
కావాలనే రాయలేదు. పొయ్యి ముందు బెల్టు వేసుకుంటే మరుగుతున్న నీళ్ళు ఒలికినప్పుడు పక్కకి దూకలేరు. వెనక ఆనుకునే బద్దీ పర్లేదు, పొయ్యికి పక్కగా నిలబడి. ఇంకో మాట, గ్యాసు గాలికంటే బరువు. కారితే బిల్జ్‌లో చేరి కూర్చుంటుంది. వంట కాగానే సిలిండర్ దగ్గరే ఆపాలి. పొయ్యి మీట ఆపడం ఆపడం కాదు.

బిల్జ్‌పంపు
ఖాళీ టిన్నులకి అడుగున చిల్లు పొడిచి సముద్రంలో ముంచేయడమే కదా?

లెక్కలమాష్టారు
కాదు, అది పాత రోజుల మాట. ఓడల కాలుష్యాన్ని ఆపే మార్పోల్ ఒప్పందం ఐదో అనుబంధం 2013 జనవరి 1 నుంచి మారింది. గాజు, లోహం, కాగితం కూడా వేయకూడదు. ప్లాస్టిక్ ఎప్పుడూ, ఎక్కడా కూడదు. తీరానికి 12 మైళ్ళు దాటాక తిండి వ్యర్థాలు వేయవచ్చు, అంతే. టిన్నులు సముద్రపు నీళ్ళతో కడిగి, నొక్కి, సంచీలో కట్టి ఉంచండి. కడగకపోతే వారంలో మీ ముక్కే చెప్తుంది.

బిల్జ్‌పంపు
సరే, చిల్లు మానేశా.

ఉప్పుగాలి
ఒంటి సంగతి. ఉప్పు గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఉప్పునీళ్ళలో తడిసిన బట్ట ఎన్ని రోజులు ఆరేసినా పొద్దుగుంకేసరికి మళ్ళీ చెమ్మగిలుతుంది. అవే బట్టలతో కూర్చుంటే పిరుదుల మీద, తొడల వెనక ఉప్పు కురుపులు. పరుపుకి ఉప్పు తగలనివ్వకండి, పడుకునే బట్టలు ఒక జత విడిగా, కాక్‌పిట్‌లోకి తేకూడదు. మొక్కలకి మందు కొట్టే రెండు లీటర్ల చేతిపంపు కొనండి, లీటరు మంచినీళ్ళతో ఒళ్ళంతా కడుక్కోవచ్చు.

మొదటి మూడు రోజులు కడుపులో తిప్పు తప్పదు. మందు బయల్దేరే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. చెవి వెనక అంటించే హయోసిన్ పట్టీ 72 గంటలు పనిచేస్తుంది, అంటించాక చేతులు కడుక్కోండి, ఆ వేలితో కన్ను నలిపితే కనుపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది. గ్లకోమా ఉన్నవాళ్ళకి పనికిరాదు, కాబట్టి డాక్టరుని అడిగి, నేల మీద ఒకసారి వాడి చూశాకే. మూడు రోజుల తిండి ముందే వండి పెట్టుకోండి.

నత్తనడక_38
ఇంత వస్తుందనుకోలేదు. ఇంకొకటి. పడమరకి పోతుంటే గడియారం ఎప్పుడు మార్చాలి?

లెక్కలమాష్టారు
15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట. మీరు దాటేది దాదాపు 46 డిగ్రీలు, అంటే మూడుసార్లు. లాగ్‌పుస్తకం మాత్రం మొదటి నుంచి చివరిదాకా ప్రపంచ ప్రామాణిక సమయం, యూటీసీలోనే. మార్చిన రోజు వచ్చే అదనపు గంటని చెరి అరగంట పంచుకోండి. పంచుకోకపోతే మొత్తం గంట ఎవరి వంతులో పడిందో వాళ్ళు కరీబియన్ చేరినా మరిచిపోరు.

లాగ్‌లో బారోమీటర్ కూడా రాయండి. ఉష్ణమండలంలో అది రోజూ గడియారంలా ఊగుతుంది, పది గంటలకి పైన, నాలుగు గంటలకి కింద, పగలూ రాత్రీ రెండుసార్లు, రెండు మూడు హెక్టోపాస్కల్స్. ఆ ఊపు ఆగినా, ఆ గంటకి ఉండాల్సిన దానికంటే మూడు తగ్గినా వాతావరణం మళ్ళీ దింపుకుని చూడండి. నాలుగు గంటలకి తగ్గిందని మాత్రం భయపడకండి, రోజూ తగ్గుతుంది.

చుక్కానిపట్టు
చివరి రోజు: ఒక రోజు ముందే లెక్క వేసి వేగం తగ్గించండి, పగలు చేరేలా. రాత్రి చేరితే పది మైళ్ళ బయటే తెరచాపల్ని ఎదురెదురుగా పెట్టి పడవని దాదాపు నిలిపి (హీవ్-టు) తెల్లవారే దాకా ఆగండి. మూడు వారాల నిద్రలేమితో, కొత్త రేవు, తీరం లైట్ల మధ్య దారి దీపాలు వెతుక్కోవడం ఎవరివల్లా కాదు.

నత్తనడక_38
సరే. బూమ్ కొస నుంచి బుర్రకాపు తాడు రేపే వేస్తా. రెండు ట్యాంకుల మధ్య వాల్వు ఉంది, దాని మీట తుప్పు పట్టి కదలట్లేదని ఇప్పుడే చూశా. అత్యవసర టిల్లర్ ఎక్కడుందో నాకు తెలీదు, మా ఆవిడకి తెలుసట. మార్కర్ కొన్నాను.

బిల్జ్‌పంపు
రెండు కొను. ఒకటి బిల్జ్‌లో పడుతుంది.